ఏడు ఆటల మొనగాడు హాదీ

ఆటకు డబ్బు తీసుకోనివాణ్ణి అమెచ్యూర్ అంటారు. వింబుల్డన్ టెన్నిస్ టోర్నమెంటులో 1967 దాకా అటువంటి వారికే ప్రవేశం. ఆ కాలంలో మన హైదరాబాదు నుంచి పైకి వచ్చిన మేటి ఆటగాడు సయ్యద్ మహమ్మద్ హాదీ (1899–1971).

ఆయన కేంబ్రిడ్జిలో చదువుతూ టెన్నిస్‌లో పేరు తెచ్చుకున్నాడు. 1924లో పారిస్ ఒలింపిక్స్‌లో ఆడాడు. 1924, 1925లలో డేవిస్ కప్ పోటీల్లో భారతదేశం తరఫున దిగాడు. తరువాత క్రికెట్‌లో 1934–35లో మద్రాసు మీద 132 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచాడు. రంజీ ట్రోఫీలో అదే మొట్టమొదటి సెంచరీ. ఏడు ఆటల్లో దిట్ట గనుక జనం 'రెయిన్‌బో హాదీ' అని పిలుచుకున్నారు.

గద్వాల, వనపర్తి సంస్థానాలు కూడా అప్పుడు నిజాం రాజ్యంలోనివే. మరి మా పల్లెల్లో ఇంకొక హాదీ ఎందుకు పుట్టలేదు? పైసా రాని ఆటకు రాకెట్టు, ప్రయాణం, తిండి ఖర్చు ఎవరు పెట్టాలి? మా నాయన లాంటి రైతు పెట్టలేడు గదా! నియమం వినడానికి గొప్పదే గాని, పేదవాడికి అది మూసిన గేటు. 1968లో ఆ గేటు తెరిచారు. రాకెట్టు మాత్రం నేటికీ మాకు అందడం కష్టమే.

మిత్రులారా! ఒక్క రాకెట్టు పదిమంది పంచుకున్నా సరే, సాయంత్రం కోర్టుకు రండి.