వెడాలియా ప్రయాణము

అమెరికా సంయుక్తరాష్ట్రములలో పడమటి సముద్రతీరమున నున్న కాలిఫోర్నియా నారింజతోటలకు పేరు పొందినది. కాని 1886, 1887 సంవత్సరములలో లాస్ ఏంజిలిస్ పరిసరముల తోటలను చూచినవారు, ఇక ఆ సీమలో నారింజ పండదనియే తలంచిరి. కొమ్మకొమ్మకును దూది యంటించినట్లు తెల్లని ముద్దలు పట్టియుండెను. ఆకులు పసుపువారి రాలుచుండెను. పిందెలు నిలువకుండెను. అప్పు తెచ్చి తోటలు వేసిన రైతులు తమ చేతులతో పెంచిన చెట్లను తామే నరికి తగులబెట్టుచుండిరి. కొందరు భూములను వచ్చిన ధరకు విడిచి వెడలిపోయిరి.

ఇంతటి చేటు తెచ్చినది వేలిగోరంత కూడ లేని యొక పొలుసుపురుగు. ఆడుపురుగు కొమ్మను కరచుకొని కదలక కూర్చుండి, సూదివంటి మూతితో చెట్టు రసమును పీల్చును. దాని వెనుక గాడులు తీర్చిన తెల్లని మైనపు సంచి పెరుగును; చూపరులకది చిన్న దూదిదిండువలె నుండును. ఆ సంచిలో వందలకొలది గ్రుడ్లుండును. ఒక్కొక్కప్పుడు వేయి వరకును ఉండును. పురుగు విసర్జించు తీయని జిగురుపై నల్లని బూజు పట్టి ఆకులకు మసి పూసినట్లగును. మన మామిడితోటలలో తేనెమంచు పురుగు పడినప్పుడు కనబడు మసి కూడ ఈ తీరుననే పుట్టును.

ఈ పురుగు కాలిఫోర్నియాకు స్వదేశీయము కాదు. 1868 ప్రాంతమున మెన్లో పార్కు అను ఊరిలో ఆస్ట్రేలియా నుండి తెప్పించిన తుమ్మజాతి మొక్కలపై నది మొదట కనబడెను. నాడు దానిని పట్టించుకొన్నవారు తక్కువ. ఇరువదియేండ్లలో అది రాష్ట్రమంతయు వ్యాపించెను. రైతులు సబ్బునీరు చల్లిరి, కిరోసిను కలిపి చల్లిరి. కోకిలెట్ అను కీటకశాస్త్రజ్ఞుడు చెట్టుపై గుడారము కప్పి లోపల విషవాయువును నింపు పద్ధతిని కనుగొనెను. అది ఫలించినమాట నిజమే. కాని ఖర్చు మిక్కుటము, మనుష్యులకు ప్రాణాపాయము. పైగా ఒక తోటను శుభ్రము చేయులోపల ప్రక్క తోటనుండి పురుగు మరల ప్రాకుచుండెను.

అప్పుడు అమెరికా వ్యవసాయశాఖలో ముఖ్య కీటకశాస్త్రజ్ఞుడుగా నున్నవాడు చార్లెస్ వాలెంటైన్ రైలీ. ఆయన యోచన యిట్లు సాగినది: ఆస్ట్రేలియాలో ఈ పురుగున్నది, తోటలును ఉన్నవి. అయినను అచ్చటి రైతులు దీనిని పెద్ద శత్రువుగా నెంచుట లేదు. కారణమేమి? అక్కడ దీనిని తిని బ్రదుకు మరియొక ప్రాణి యుండవలెను. పొలుసుపురుగు మొక్కలతోపాటు ఓడ యెక్కి వచ్చినది. దాని శత్రువు మాత్రము వెనుక నిలిచిపోయినది. కావున ఆ శత్రువును వెదకి తేవలెను. ఎంత సూటియైన తర్కమో గమనింపదగును. మందుల విషయమున ఎవ్వరును అడుగని ప్రశ్నను రైలీ పురుగు పుట్టింటిని గూర్చి యడిగెను.

అడుగుట సులభమే గాని మనిషిని పంపుట సులభము కాలేదు. ప్రభుత్వ కీటకశాస్త్రజ్ఞులు విదేశములకు పోరాదని అమెరికా శాసనసభ యప్పుడు నిబంధన విధించియుండెను. అదృష్టవశమున 1888లో మెల్బోర్న్ నగరమున అంతర్జాతీయ ప్రదర్శనము జరుగుచుండెను. దానికి పోవు అమెరికా ప్రతినిధివర్గము లెక్కలో రైలీ సహాయకుడైన ఆల్బర్ట్ కోబిలీని చేర్చి, వర్గమునకిచ్చిన ధనమునుండియే రెండువేల డాలర్లు ఖర్చులకు కేటాయించిరి. కోబిలీ జర్మనీలో పుట్టి అమెరికాకు వలసవచ్చినవాడు. మితభాషి, పురుగులను కంటితో పట్టుటలో మిక్కిలి నేర్పరి. 1888 ఆగష్టు 25వ తేదీన శాన్ ఫ్రాన్సిస్కోలో ఆయన ఓడ యెక్కెను.

ఆయన వెదకినది మొదట ఒక చిన్న యీగను. అది పొలుసుపురుగు శరీరములో గ్రుడ్డు పెట్టును. పిల్ల లోపలనే పెరిగి దానిని చంపును. అడిలైడ్ నగరమున క్రాఫర్డ్ అను నతడు దానిని ముందే కనిపెట్టియుండెను. కోబిలీ ఆ యీగలను వేలకొలది సేకరించి పంపెను. అయితే అక్టోబరు 15న ఉత్తర అడిలైడులోని ఒక తోటలో ఆయన కంటికి మరియొకటి తగిలెను. ఎఱ్ఱని వీపుపై నల్లని మచ్చలు గల చిన్న పెంకుపురుగు, పెద్ద పొలుసుపురుగు నొకదానిని పట్టుకొని తినుచుండెను. మన పల్లెలలో అక్షింతలపురుగు అను పేరుతో పిలుచు జాతిలోనిదే యది. నాటి శాస్త్రజ్ఞులు దానిని వెడాలియా యనిరి.

నాడు విమానములు లేవు. అడిలైడు నుండి లాస్ ఏంజిలిస్ చేరుటకు వారములు పట్టును. పురుగులు వేడికి చావకుండుటకును, త్రోవలో గ్రుడ్లనుండి వెలువడి ఆకలికి మాడకుండుటకును, పెట్టెలను ఓడలోని మంచుగదిలో నుంచిరి. 1888 నవంబరు 30న మొదటి పెట్టె చేరెను. విప్పి చూడగా ప్రాణముతో నున్నవి 28. డిసెంబరు చివర రెండవ పెట్టెలో 44, జనవరిలో మూడవ దానిలో 57 వచ్చెను. అన్నియు కలిసి 129. లక్షల చెట్లపై కోట్లకొలది శత్రువులు. వానికెదురు నిలువవలసిన సేన పిడికెడు!

ఆ పిడికెడు పురుగులను అందుకొన్నవాడు మునుపు విషవాయువుతో ప్రయోగములు చేసిన కోకిలెట్టే. వుల్ఫ్‌స్కిల్ అను నతని తోటలో పురుగుపట్టిన నారింజచెట్టు నొకదానిని ఎంచుకొని, గుడారము కప్పి, లోపల వెడాలియాలను విడిచెను. ఈమారు గుడారము విషమును నిలుపుటకు గాక అతిథులను కాచుటకు పనికివచ్చెను. లోపల ఆహారము సమృద్ధి. వెడాలియా ఎఱ్ఱని గ్రుడ్లను పొలుసుపురుగు గ్రుడ్లసంచి మీదనే పెట్టును. పిల్ల బయటికి రాగానే ఆ సంచిలో దూరి గ్రుడ్లను తినును. ఎదిగిన కొలది పెద్ద పురుగులనే తినును. గ్రుడ్డు పెద్దదగుటకు ఎండకాలమున నెల కూడ పట్టదు. ఏప్రిలు వచ్చునప్పటికి ఆ చెట్టుమీద పొలుసుపురుగు దాదాపు కానరాకుండెను. ఏప్రిలు 12న గుడారమునకు ఒక ప్రక్కను తెరవగా వెడాలియాలు ఇరుగుపొరుగు చెట్లకు ఎగిరిపోయెను.

వార్త వినగానే రైతులు పెట్టెలు చేతబట్టుకొని వచ్చిరి. జూన్ 12 నాటికి 10,555 వెడాలియాలను 228 మంది రైతులకు పంచిరి. ఇచ్చినవి తోటలలో తామై పెరిగి, తామై వ్యాపించెను. ఆ సంవత్సరము గడచులోపలనే లాస్ ఏంజిలిస్ తోటలు తెల్లదనము వీడి పచ్చబడెను. ఆ జిల్లానుండి రైలుపై పోవు నారింజలు ఒక్క యేడాదిలో ఏడువందల పెట్టెబండ్లనుండి రెండువేలకు పెరిగెను. రైతులు కృతజ్ఞతతో కోబిలీకి బంగారు గడియారమును, ఆయన భార్యకు వజ్రాల కమ్మలను బహూకరించిరి. యోచన రైలీది, వెదకినది కోబిలీ, పెంచినది కోకిలెట్. కీర్తి యెవరిదను వివాదము వారిలో కొంత జరిగినది. వెడాలియాకు ఆ గొడవ పట్టలేదు.

పొలుసుపురుగు పూర్తిగా నశింపలేదు. ఇది ముఖ్యమైన సంగతి. అచ్చటచ్చట కొన్ని మిగిలెను. వానిని తినుచు కొన్ని వెడాలియాలును మిగిలెను. ఒకటి పెరిగినపుడు రెండవది పెరుగును, ఒకటి తగ్గినపుడు రెండవది తగ్గును. త్రాసులోని రెండు తట్టలవలె ఈ సమత యేబదియేండ్లకు పైగా సాగెను. దానిని చెరచినవాడు మనుష్యుడే. 1946, 1947 సంవత్సరములలో ఆ రాష్ట్రపు మధ్యలోయ తోటలలో ఇతర పురుగులకై డి.డి.టి. చల్లిరి. ఆ మందు వెడాలియాలను చంపెను. పొలుసుపురుగుపై నంతగా పనిచేయలేదు. వెంటనే చెట్లు మరల తెల్లబారెను. తుదకు మందు తగ్గించి, వెడాలియాలను తెచ్చి మరల విడువవలసి వచ్చెను.

ఇదే పొలుసుపురుగు మన దేశమునకును వచ్చినది. 1920-30 దశకములో నీలగిరి కొండలలోని తుమ్మజాతి వనములపై నది కనబడెను. నీలగిరులును ఆంధ్ర జిల్లాలును అప్పుడు ఒకే మద్రాసు రాజధానిలో నుండెను. 1930 ప్రాంతమున వెడాలియాను విదేశములనుండి రప్పించి అచ్చట విడువగా నది నిలద్రొక్కుకొనెను. అంతకుముందే, 1898లో, ఆస్ట్రేలియా దేశపు మరియొక అక్షింతలపురుగు కాఫీతోటల పురుగుకై దక్షిణభారతమునకు వచ్చినది. తెచ్చిన పనికి అది పెద్దగా పనికిరాలేదు. కాని పిండినల్లిని తినుటలో దిట్టయని పిదప తేలెను. ఇప్పటికిని ద్రాక్షతోటలలో పిండినల్లిపై దానిని విడుచుచున్నారు. దీని పిల్ల చూచుటకు తెల్లని పిండి పూసుకొన్న పెద్ద పిండినల్లివలెనే యుండును. తెలియనివారు శత్రువనుకొని ముందుగా దానినే నలిపివేయుదురు.

ఇటీవలి సంగతి మరియొకటి కలదు. 2008లో కోయంబత్తూరు ప్రాంతమున బొప్పాయి చెట్లపై మెక్సికో దేశపు పిండినల్లి ప్రత్యక్షమయ్యెను. బొప్పాయితో ఆగక మల్బరీ, కఱ్ఱపెండలము మొదలగు పంటలను పట్టెను. ఎన్నిసార్లు మందు కొట్టినను మైనపుపూత చాటున నది బ్రదికెను. 2010లో పోర్టోరీకో దీవినుండి మూడుజాతుల బదనికలను తెప్పించి, బెంగుళూరులోని జాతీయ కీటకపరిశోధనాలయమున పరీక్షించి, పెంచి, తోటలలో విడిచిరి. బదనిక యనగా మరియొక పురుగు శరీరములోనో గ్రుడ్డులోనో తన గ్రుడ్డు పెట్టి, దానినే పిల్లకు ఆహారముగా నిచ్చు చిన్న కందిరీగ జాతి. ఈ బదనికలు పెక్కుచోట్ల కొద్దినెలలలోనే పిండినల్లిని అదుపునకు తెచ్చెను.

పరీక్షించి యను మాటను తేలికగా తీసికొనరాదు. పరదేశపు ప్రాణిని తెచ్చుట నిప్పుతో పనియే. 1935లో ఆస్ట్రేలియావారు చెఱకు పురుగులను తినునని ఒక జాతి పెద్దకప్పను తెచ్చిరి. అది చెఱకుపురుగును ముట్టలేదు గాని ఊరూర వ్యాపించి నేటికిని పీడించుచున్నది. వెడాలియా నమ్మదగినదగుటకు కారణము దాని భోజనమే: ఆ పొలుసుపురుగును దాని దగ్గరి చుట్టములను తప్ప నది ఇతరములను పెద్దగా కోరదు. కప్ప సర్వభక్షకి.

ఇంటిపెరటికి మాత్రము పరదేశపు పురుగులతో పనిలేదు. కావలసినవి చాలవరకు అక్కడనే యున్నవి. చలికాలమున చిక్కుడుపాదు లేతకొనలకు నల్లని పేనుబంక పట్టును. చీమలు దాని తీపిజిగురుకై వరుసలు కట్టి, దానిని తినవచ్చు పురుగులను తరుముచుండును. కావున తీగ మొదట చీమలను ఎక్కనీయకుండుట మొదటి పని. కొద్దిదినములకు అక్షింతలపురుగులు వచ్చును. వాని పిల్లలు పెద్దవానిని బొత్తిగా పోలవు. నల్లగా, పొడవుగా, చిన్న మొసలి పిల్లలవలె నుండి, పెద్దవానితో సమానముగా పేనుబంకను తినును. వీనిని చూచియే పెక్కుమంది భయపడి మందు కొట్టుదురు. ఆకుపై దారపుకొనవంటి సన్నని కాడకు తెల్లని చుక్కవలె వ్రేలాడునవి అల్లికరెక్కల పురుగు గ్రుడ్లు, వానిని తుడిచివేయరాదు. పెరటి అంచున బంతియు, పూతకు విడిచిన కొత్తిమీరయు ఉన్నచో పెద్దపురుగులకు పుప్పొడియు తేనెయు దొరకి అవి అక్కడనే నిలుచును. పేనుబంక మిక్కిలి హెచ్చినప్పుడు నీటిధారతో కడిగినను, వేపగింజల కషాయము చల్లినను చాలవరకు తగ్గును.

చిక్కుడాకు వెనుక భూతద్దముతో చూచినయెడల, నల్లని పేనుబంక నడుమ గోధుమరంగు తిరిగి బుడిపెవలె ఉబ్బి కదలక యున్నవి కొన్ని కానవచ్చును. వానిని గిల్లివేయక విడువవలెను. నాలుగైదు దినములు గడచిన పిదప మరల చూచినచో, ఒక్కొక్క బుడిపె వీపుపై సూదితో పొడిచినట్లు గుండ్రని కన్నముండును. లోపల నున్న బదనిక ఆ త్రోవనే బయటపడి ప్రక్కకొమ్మకు పోయియుండును.