వెనక బెంచీ హీరోలు

హైస్కూలు పిల్లల మధ్యే ఉద్యోగమంతా గడిపి రిటైరైన మాస్టార్ని. ఆకతాయి కుర్రాడికి క్లాసులో అంత పలుకుబడి ఎలా వస్తుందని తల్లిదండ్రులు ఇప్పటికీ అడుగుతుంటారు. నాకు తెలిసింది చెబుతాను.

1. పలుకుబడి వేరు, ఇష్టం వేరు. "క్లాసులో హీరో ఎవర్రా?" అంటే అందరూ ఒకడినే చూపిస్తారు. "ఎక్స్‌కర్షన్ బస్సులో ఎవరి పక్కన కూర్చుంటావు?" అంటే వాడి పేరు చాలామంది నోట రాదు.

2. నవ్వేవాళ్లుంటేనే సారుకు పేరు పెట్టేవాడుంటాడు. అమెరికాలో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే పరిశోధకులు 2005లో ప్రచురించిన ప్రయోగంలో టీనేజీ పిల్లలు కంప్యూటర్ మీద కారు నడిపే ఆట ఆడారు. ఒంటరిగా ఉన్నప్పటికంటే స్నేహితులు పక్కనుంటే ఎక్కువ తెగించారు. అందుకే మందలింపు విడిగా పిలిచి చేయాలి. నలుగురిలో తిడితే వాడికి మనమే స్టేజీ కట్టినట్టు.

3. "రౌడీ" అని ముద్ర వేయకండి. చాలామందిలో ఈ ఆకతాయి పోకడలు కౌమారంలో మొదలై దాంతోనే పోతాయని, పసితనం నుంచి జీవితాంతం సాగేది కొద్దిమందిలోనేనని మనస్తత్వ శాస్త్రవేత్త టెర్రీ మాఫిట్ 1993లోనే రాశారు. సిగరెట్ ముట్టించే పద్నాలుగేళ్లవాడికి చాలాసార్లు కావాల్సింది పొగ కాదు, పెద్దరికం. ఆటల సామాను గది తాళం వాడి చేతిలో పెట్టి చూడండి.

4. ఆ హీరోయిజం నిలవదు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో జోసెఫ్ ఆలెన్ బృందం 184 మందిని 13 ఏళ్ల వయసు నుంచి 23 దాకా గమనించి, 2014లో ఫలితాలు ప్రచురించింది. చిన్న వయసులోనే పెద్దవాళ్ల వేషాలేసి మెప్పు పొందినవాళ్లకు పెద్దయ్యాక ఆ పేరు మిగల్లేదు. మద్యం, మత్తు, నేరాల చిక్కులు మాత్రం ఎక్కువయ్యాయి.

5. తుంటరులందర్నీ ఒకే సెక్షన్లో వేయకండి. అలాంటి పిల్లల్ని ఒకచోట చేర్చి బాగుచేయబోతే కొన్నిసార్లు మరింత చెడ్డారని డిషన్, మెకార్డ్, పూలన్ అనే పరిశోధకులు 1999లో చూపించారు. ఒకడు చేసిన ఘనకార్యానికి మిగతావాళ్ల నవ్వే బహుమతి.

6. ఈ హీరోకు బండి తాళం ఇచ్చేది ఇంట్లోవాళ్లే. మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా బండి యజమానికి 3 ఏళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా అని 2019 మోటారు వాహనాల చట్ట సవరణ చెబుతోంది.

చివరిగా ఒక్క మాట. మీవాడు హీరో కాకపోవచ్చు. ఆ హీరోను చూసి నవ్వే గుంపులో ఉన్నాడేమో కనుక్కోండి. ముందు మాట్లాడాల్సింది ఆ గుంపుతోనే.