బీమా వెనుక ఉన్న లెక్క



"ఈ లెక్కలు నేర్చుకొని ఏం చేస్తాం?" అని హాస్టల్‌లో మనలో చాలామంది అనుకున్నవాళ్లమే. మనిషి బతుకుతో ముడిపడిన ఒక లెక్క ఉంది. దాన్ని చేసేవారిని యాక్చువరీ అంటారు. వారి పనిని మన ప్రాంతం ఉదాహరణలతోనే తెలుసుకుందాం.

1. మరణం: తెలంగాణలో 2018 ఆగస్టులో రైతుబీమా మొదలైంది. 18 నుంచి 59 ఏళ్లలోపు పట్టాదారు రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇవ్వాలి. మొదటి ఏడాది ఒక్కో రైతు తరఫున ప్రభుత్వం ఎల్‌ఐసీకి కట్టిన ప్రీమియం సుమారు 2,271 రూపాయలు. ఇంత తక్కువ సొమ్ముతో అంత సాయం ఎలా సాధ్యం?

పలక మీద వేసి చూడండి. 1,000 మందికి 22,71,000 రూపాయలు జమ అవుతుంది. పన్నులు, ఖర్చులు పక్కన పెడితే ఇది నాలుగు కుటుంబాలకు సరిపోయి కొంత మిగులుతుంది. ఐదో కుటుంబానికి మాత్రం చాలదు. అంటే ఏడాదిలో వెయ్యికి నాలుగు మరణాలను ఈ సొమ్ము భరిస్తుంది. ఆ నలుగురు ఎవరో ఎవరూ చెప్పలేరు. కానీ లక్షల మందిని కలిపి చూస్తే ఎంతమందో దాదాపుగా చెప్పవచ్చు. తోకచుక్కతో పేరు పొందిన హేలీ 1693లోనే బ్రెస్లా నగరపు జనన మరణాల నమోదులతో ఇలాంటి పట్టిక తయారుచేశాడు.

2. ముసలితనం: 60 ఏళ్ల పెద్దమనిషి చేతిలో 6 లక్షలు ఉన్నాయనుకోండి. నెలకు 5,000 వాడితే, వడ్డీ లెక్కించకపోతే, సరిగ్గా పదేళ్లు వస్తాయి. ఆయన 75 ఏళ్లు బతికితే చివరి ఐదేళ్లు ఎలా? త్వరగా పోయినవారి సొమ్ము ఎక్కువకాలం బతికినవారికి చేరేలా లెక్కగట్టి, జీవితాంతం పింఛను ఇచ్చేదే యాన్యుటీ.

3. లెక్కకు అందని నష్టం: తొగుట మండలం వేములఘాట్ మనందరికీ తెలిసిన ఊరే. 50 టీఎంసీల మల్లన్నసాగర్ కోసం 2021లో ఊరు ఖాళీ అయింది. బీమా నిలబడేది నష్టం కొందరికే వచ్చి, మిగతావారు క్షేమంగా ఉన్నప్పుడే. ఊరంతటికీ ఒకేసారి నష్టం వస్తే ఎవరి సొమ్ము ఎవరికి ఇస్తారు? అటువంటి చోట బీమా చాలదు. చట్టం, న్యాయమైన పరిహారం, పునరావాసం కావాలి. ఇంకో మాట: రైతుబీమాకు పట్టా ఉండాలి. కౌలురైతు అదే ఎండలో కష్టపడినా ఆ లెక్కలోకి రాలేదు. లెక్క ఎంత సరైనదైనా, జాబితాలో లేనివారిని అది కాపాడలేదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! యాక్చువరీ కావడానికి ఇంటర్ తర్వాత ప్రవేశ పరీక్ష రాయవచ్చు. దాన్ని నిర్వహించేది ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ ఆఫ్ ఇండియా. ఆ తర్వాతి పరీక్షలు కష్టమైనవే, ఏళ్లు పడుతుంది. అయినా భయపడవద్దు. సంభావ్యత పాఠాన్ని పరీక్షకు రాదని వదిలేయకండి. జాబితాలో లేనివారి బాధ తెలిసిన మన పిల్లలు ఆ లెక్కలు వేసే కుర్చీల్లో కూర్చోవాలి.