సీఓపీడీ: ఇంటి నుంచే ఊపిరితిత్తుల సంరక్షణ

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం నుంచి ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి వెళ్లాలంటే హైదరాబాద్ మొత్తం దాటాలి. నాలుగడుగులకే ఆయాసపడే రోగికి ఆ ప్రయాణమే ఓ పరీక్ష. మొబైల్ ఆరోగ్య సేవల ప్రాధాన్యం ఇక్కడే తెలుస్తుంది.

ముఖ్యాంశాలు

• సీఓపీడీ: ఊపిరితిత్తుల్లో గాలి దారులు క్రమంగా ఇరుకయ్యే దీర్ఘకాలిక వ్యాధి. ప్రధాన కారణాలు పొగాకు, కట్టెల పొయ్యి పొగ, దుమ్ము.
• నిర్ధారణ: స్పైరోమెట్రీ.
• యాప్ పని: ఇన్‌హేలర్ వేళలు గుర్తుచేయడం, దగ్గు, కఫం, ఆయాసం నమోదు చేయడం. వేలికి తగిలించిన ఆక్సీమీటర్ అంకెను రోజూ రాసుకుంటే తేడా తెలుస్తుంది. యాప్ వైద్యుడికి ప్రత్యామ్నాయం కాదు.
• ఈ-సంజీవని: కేంద్ర టెలిమెడిసిన్ వేదిక. రూపకర్త సీ-డాక్, మొహాలి.
• ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్: 2021 సెప్టెంబర్ 27న దేశవ్యాప్తంగా ప్రారంభం. దీని కింద ఇచ్చే ఆరోగ్య ఖాతా (ఆభా) సంఖ్యలో 14 అంకెలు.
• ఎంబ్రీత్‌ఫ్రీలీ: ఆస్తమా, సీఓపీడీ రోగులకు ఉద్దేశించిన డబ్ల్యూహెచ్‌ఓ, ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్) మొబైల్ కార్యక్రమం.

మాదిరి ప్రశ్న
ప్రపంచ సీఓపీడీ దినోత్సవం ఎప్పుడు?
1) మార్చి 24
2) మే 31
3) నవంబర్ మూడో బుధవారం
4) డిసెంబర్ 1
జవాబు: 3

గుర్తుంచుకోండి: మార్చి 24 క్షయ, మే 31 పొగాకు వ్యతిరేక, డిసెంబర్ 1 ఎయిడ్స్ దినోత్సవాలు.