పంచాయతీ కార్యాలయమునకు రౌటరు: ఎన్నుకొను విధము

గ్రామ పంచాయతీలను గాజు తీగతో, అనగా ఫైబరుతో, కలుపుటకు కేంద్ర ప్రభుత్వము 2011లో ఆమోదించిన పథకము 2015 నుండి భారత్‌నెట్ అను పేర నడచుచున్నది. తీగ ఊరికి చేరిన పిమ్మట ఇంటర్నెట్టును గదులకు పంచిపెట్టునది రౌటరు అను చిన్న పెట్టె. దానిని కొనునప్పుడు సభ్యులు వేగమెంత, ధర యెంత అని అడుగుదురు. అంతకు ముందే అడుగవలసిన ప్రశ్నలు రెండు కలవని మా అభిప్రాయము. కార్యాలయపు లెక్కలను, వచ్చిపోవువారి ఫోనులను ఇది వేరుగా ఉంచగలదా? కరెంటు పోయిన రాత్రి బల్లమీది టెలిఫోను పలుకునా?

కార్యాలయపు కంప్యూటరులో ఇంటిపన్ను లెక్కలు, జనన మరణ నమోదులు, ప్రజలిచ్చిన ఆధార్ నకళ్లు ఉండును. అరుగుమీది విద్యార్థి పాఠము చూచుకొనుటకు వైఫై అడిగినచో ఇచ్చుట న్యాయమే. కాని అందరికి ఒకే పాస్‌వర్డు చెప్పినచో ఆ ఫోనును, ఈ కంప్యూటరును ఒకే గదిలో కూర్చుండబెట్టినట్లగును. ఫోనులో చెడ్డ ప్రోగ్రాము చేరియున్నచో అది కంప్యూటరు తలుపు తట్టి చూడగలదు.

ఇచ్చట ఒక భ్రమ కలదు. చాల రౌటర్లు రెండు పేర్లు చూపును. ఒకదాని చివర 5జి అని యుండును. ఇవి రెండు నెట్‌వర్కులని తలచువారు పెక్కుమంది. అవి 2.4, 5 గిగాహెర్ట్‌జుల రేడియో తరంగములు మాత్రమే. దేనిని పట్టుకొన్నను చేరునది ఆ ఒక్క గదికే. నిజముగా గోడ కట్టునది ‘గెస్ట్ నెట్‌వర్క్’ అను సదుపాయము. అదియు సాధారణముగా వైఫైకే పరిమితము. ప్రజలకొరకు కేబులుతో కంప్యూటరు పెట్టదలచినచో, వెనుకనున్న సాకెట్లను కూడ విడదీయగల ‘వీల్యాన్’ సదుపాయమును కోరవలెను. నిఘా కెమెరాలను సైతము వేరుగానే ఉంచుట మేలు. 2016లో మిరాయి అను దుష్ట ప్రోగ్రాము, తయారీదారు పెట్టిన పాస్‌వర్డు మార్చని కెమెరాలను, రౌటర్లను లక్షల సంఖ్యలో వశపరచుకొని అమెరికాలో పేరెన్నికగన్న వెబ్‌సైట్లను కొన్ని గంటలు అందకుండ చేసినది.

ఇక టెలిఫోను. పాత రాగి తీగ ఫోనుకు విద్యుత్తు ఎక్స్ఛేంజిలోని 48 వోల్టుల బ్యాటరీలనుండి తీగవెంటనే వచ్చెడిది. ఊరు చీకటైనను ఫోను పలికెడిది. గాజు తీగలో వెలుగు ప్రయాణించును గాని విద్యుత్తు ప్రయాణింపదు. కావున పెట్టె ఆరినంతనే ఫోను మూగబోవును. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళము జిల్లాలో కరెంటు స్తంభములను కూల్చినది. సెల్ సిగ్నలు అందని కొండ గ్రామములో పాము కరచినవానికై 108కు ఫోను చేయవలసివచ్చునది అట్టి రాత్రియందే. రౌటర్లు చాలవరకు 12 వోల్టులతో నడచును. పెట్టెపై వ్రాసిన వోల్టు, ఆంపియరు సంఖ్యలకు సరిపడు చిన్న యూపీఎస్ కొనవలెను. ఫైబరు అందుకొను పెట్టె వేరుగా నున్నచో దానికిని ఈ ఏర్పాటు అవసరము. తీగగల సాధారణ ఫోనునే ఉంచుడు. కార్డ్‌లెస్ ఫోను పీఠమునకు మరల వేరే కరెంటు కావలెను.

అంగడిలో కొన్న రౌటర్లకు టెలిఫోను సాకెట్టు అరుదు. ఉన్నను, మీ ఫోను నంబరు సేవాసంస్థ ఇచ్చిన పెట్టెలోనే నమోదై యుండును. దానిని తీసివైచినచో ఇంటర్నెట్టు వచ్చినను ఫోను రాకపోవచ్చును. అందుచే ఆ పెట్టెను కదపక, ఫోనును దానికే ఉంచి, కొత్త రౌటరును కేబులుతో దాని వెనుక కలుపుట సుళువు. పాత పెట్టె వైఫైని ప్రజలకు విడిచి కార్యాలయపు పరికరములన్నిటిని కొత్త రౌటరుకు మార్చినచో, గెస్ట్ సదుపాయము లేకున్నను పని జరుగును. ఈ వరుస తలక్రిందులు కారాదు: వెనుకనున్న పరికరములు ముందు పెట్టెవైపు చూడగలవు, ముందున్నవి వెనుకకు చూడలేవు. రెండు పెట్టెల అడ్మిన్ పాస్‌వర్డులను మొదటి దినముననే మార్చవలెను.

బిగించుటకు వచ్చిన మనిషి వెళ్లకముందే ఫోను ఒకటి ప్రజల వైఫైకి కలిపి, కార్యాలయపు ప్రింటరు కనిపించునేమో చూడుడు. కనిపించినచో గోడ లేనట్లే. పిమ్మట మెయిన్ స్విచ్చి ఆపించి, ల్యాండ్‌లైను నుండి ఒక కాల్ చేయించి, అది కలిసిన మీదటనే రసీదుపై సంతకము చేయుడు.