దారిలో చక్రం మార్చే విధానం

కారు డిక్కీలో ఉండే అదనపు చక్రాన్ని మనదేశంలో 'స్టెప్నీ' అంటారు. వేల్స్ దేశంలోని లానెల్లి పట్టణంలో, స్టెప్నీ వీధిలో 1904లో అదనపు చక్రాల తయారీ ఆరంభమైంది. ఆ వీధి పేరే క్రమంగా వస్తువు పేరుగా స్థిరపడింది. పేరు ఎరిగిన వారందరూ దానిని సురక్షితంగా బిగించే విధానం ఎరుగరు.

ప్రయాణంలో టైరు గాలి పోయినప్పుడు బ్రేకును బలంగా తొక్కరాదు. స్టీరింగును గట్టిగా పట్టుకొని, వేగం దానంతట అదే తగ్గిన పిదప వాహనాన్ని రహదారి ఎడమ అంచు దాటించి, సమతలమైన గట్టినేలపై నిలపాలి. మలుపులు, వంతెనలు, వాలు ప్రదేశాలు ఇందుకు తగవు. నెమ్మదిగా కొంతదూరం నడిపితే టైరు పాడవుతుందని సంకోచించరాదు. టైరును మళ్ళీ కొనవచ్చు, ప్రాణాన్ని కొనలేము.

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం సెకనుకు సుమారు 22 మీటర్లు సాగుతుంది. హెచ్చరిక త్రికోణాన్ని పది మీటర్ల దూరంలోనే ఉంచితే, వెనుక వచ్చే డ్రైవరుకు త్రికోణానికీ కారుకూ మధ్య అర సెకను వ్యవధి కూడా ఉండదు. కనుక దానిని కనీసం 50 మీటర్ల వెనుక నిలపాలి. నాలుగు ఇండికేటర్లనూ వెలిగించి, ప్రయాణికులను రహదారికి దూరంగా పంపాలి.

తరువాత హ్యాండ్ బ్రేకు వేసి, కర్ణంగా ఎదురుగా ఉన్న చక్రానికి ముందూ వెనుకా రాళ్ళు పెట్టాలి. కారును పైకెత్తక ముందే నట్లను కొద్దిగా వదులు చేయాలి. చక్రం గాలిలో ఉండగా బలం ప్రయోగిస్తే కారు జాకీపై నుండి జారే ప్రమాదముంది. తయారీదారు సూచించిన చోటనే జాకీని ఆనించాలి. కారు కిందికి శరీరంలో ఏ భాగమూ పోనీయరాదు. స్టెప్నీని అమర్చి, నట్లను ఎదురెదురు వరుసలో చేతితో బిగించి, కారును దించిన తరువాతనే స్పానరుతో పూర్తిగా బిగించాలి. కొంతదూరం ప్రయాణించాక బిగింపును మరల పరీక్షించాలి.

పాడైన చక్రం వాహనాలు దూసుకుపోయే కుడివైపున ఉండి, కారును మరింత పక్కకు తీయుటకు వీలులేనప్పుడు స్వయంగా పూనుకోక, జాతీయ రహదారిపైనైతే 1033కు ఫోను చేయడం వివేకం. స్టెప్నీలో గాలి ఉన్నదో లేదో అప్పుడు చూసుకోవడం ఇల్లు కాలుతుండగా బావి తవ్వడం వంటిది. ఆ పరీక్ష ఇంటివద్దనే జరగాలి.

ప్రశ్నలు
1. నట్లను ముందుగానే వదులు చేయడానికి కారణమేమి?
2. హెచ్చరిక త్రికోణాన్ని దూరంగా ఉంచవలసిన ఆవశ్యకతను వివరించండి.