మూలుగ మార్పిడి, ఉపశమన వైద్యం – ఒకే బిడ్డకు రెండూ ఎందుకు?



ఈ నెల ఆరోగ్య పాఠాన్ని ఒక చీటీతో మొదలుపెడుతున్నాము. మాడుగుల వైపు నుంచి ఒక తల్లి తన ఎనిమిదేళ్ల కొడుకును తీసుకొని మా ఓపీకి వచ్చింది. బాబుకు రక్త క్యాన్సర్. విశాఖలో మందులు వాడాక తగ్గింది, కానీ ఏడాది తిరిగేసరికి మళ్లీ తిరగబెట్టింది. అక్కడి డాక్టరుగారు రాసిచ్చిన చీటీలో రెండు సంగతులున్నాయి. మూలుగ మార్పిడి కోసం పెద్ద సెంటరులో చూపించాలన్నది ఒకటి. వెంటనే పాలియేటివ్ కేర్ వారిని కలవాలన్నది రెండవది. ఆ చీటీని ఎవరో చదివి ఆమెకు అర్థం చెప్పారు. పాపం, రాత్రంతా నిద్రలేదట.

“ఏటి సిస్టరమ్మా, ఒకరేమో బతికిత్తామంటన్నారు, ఒకరేమో ఒగ్గేయమంటన్నారు. ఎవుల మాట నమ్మాలి?” అని అడిగింది.

ఆ తల్లికి చెప్పినదే ఇక్కడ రాస్తున్నాము. ఈ సందేహం ఆమె ఒక్కర్తిదే కాదు.

మూలుగ అంటే మనకు కొత్త కాదు. మాంసం వండినప్పుడు ఎముకను తట్టి పిల్లలు జుర్రుకునేది అదే. మన ఎముకల్లోనూ అదే ఉంటుంది, రక్తం అక్కడే తయారవుతుంది. రక్తానికి విత్తనాల వంటి కణాలు అందులో ఉంటాయి, వాటినే మూలకణాలంటారు. ఆ విత్తనం చెడిపోతే ఎంత రక్తం ఎక్కించినా నిలవదు. తిరగబెట్టిన కొన్ని రక్త క్యాన్సర్లకు, తలసీమియాకు, ఎప్లాస్టిక్ ఎనీమియాకు, మన ఏజెన్సీ పిల్లల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు, ఈ మార్పిడి చేస్తారు.

చాలామంది దీన్ని పెద్ద ఆపరేషన్ అనుకుంటారు. బిడ్డకు కోత ఉండదు. ముందుగా వారం రోజులపాటు బలమైన మందులిచ్చి చెడిన మూలుగను ఖాళీ చేస్తారు. తరువాత దాత కణాలను రక్తం సీసా ఎక్కించినట్టే నరంలోకి ఎక్కిస్తారు. అవి దారి వెతుక్కుంటూ ఎముకల్లోకి చేరి, రెండు నుంచి నాలుగు వారాల్లో మొలకెత్తుతాయి. దాతకు మత్తు ఇచ్చి తుంటి ఎముక నుంచి తీస్తారు, లేదా చేతి నరం నుంచి యంత్రం ద్వారా వేరుచేస్తారు. వెన్నుపాము జోలికి వెళ్లరు. “మా గుంట కాళ్లు పడిపోతాయేమో” అని భయపడే తల్లులు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఒకే తల్లిదండ్రుల పిల్లల్లో ఒక్కొక్కరి మూలుగ రోగికి పూర్తిగా కలిసే అవకాశం నూటికి 25. కలవకపోతే అది ఎవరి తప్పూ కాదు. తల్లి లేక తండ్రి నుంచి సగం కలిసిన మూలుగతో కూడా ఇప్పుడు చేస్తున్నారు. తలసీమియా ఇళ్లల్లో కోడలి రక్తం మంచిది కాదని అత్తగార్లు అనడం మేము మా వార్డులోనే విన్నాము. అమ్మా, ఆ జబ్బు తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తేనే వస్తుంది.

మన దేశంలో మొదటి మూలుగ మార్పిడి 1983లో ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో జరిగింది. 1986లో వెల్లూరు సి.ఎం.సి.లో తలసీమియా బిడ్డకు చేశారు. మన ప్రాంతం వాళ్లు నేటికీ కాట్పాడి రైలెక్కేది అందుకే.

ఇక కష్టం సంగతి. దాచి ప్రయోజనం లేదు. మందుల వల్ల నోరంతా పుండ్లుపడి గుక్కెడు నీళ్లు కూడా మింగలేరు. వాంతులు, విరేచనాలు, జ్వరం వస్తాయి. జుట్టు ఊడుతుంది. కొత్త మూలుగ బిడ్డ శరీరాన్నే పరాయిదనుకుని చర్మం మీద, పేగుల మీద, కాలేయం మీద దాడి చేయవచ్చు. నాలుగు గోడల మధ్య వారాల తరబడి ఉండాలి, మొత్తం మూడు నెలలు ఆసుపత్రి దగ్గరే గది తీసుకోవాలి. కొందరు పిల్లలు తట్టుకోలేరు, కొందరికి జబ్బు మళ్లీ వస్తుంది.

పాలియేటివ్ కేర్ ఇక్కడే అవసరం. తెలుగులో ఉపశమన వైద్యం అంటున్నాము. నొప్పి, వాంతులు, నిద్రలేమి, భయం, తల్లిదండ్రుల గుండెభారం – వీటిని చూసుకోవడమే దీని పని. పిల్లల విషయంలో ఇది జబ్బు బయటపడిన రోజునుంచే మొదలుకావాలని, జబ్బుకు మందులు వాడుతున్నా వాడకపోయినా సాగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే మార్పిడిని ఆపమని కాదు, మార్పిడితోపాటు ఇమ్మని.

దీనిపై పరిశోధనలున్నాయి. క్యాన్సర్‌తో బిడ్డను పోగొట్టుకున్న 103 మంది తల్లిదండ్రులను అమెరికాలోని బోస్టన్‌లో డాక్టర్ జోయాన్ వుల్ఫ్ బృందం అడిగి 2000లో ప్రచురించింది. నూటికి 89 మంది పిల్లలు చివరి నెలలో ఏదో ఒక బాధను చాలా ఎక్కువగా అనుభవించారని తల్లిదండ్రులు చెప్పారు. నొప్పికి మందులిచ్చిన పిల్లల్లో నూటికి 27 మందికే అవి పనిచేశాయట. అంత పెద్ద ఆసుపత్రుల్లో కూడా! తరువాత 2016లో, బోస్టన్‌లోనే, మార్పిడికి చేరిన 160 మంది పెద్దవారిలో సగం మందికి ఉపశమన బృందాన్ని కూడా జతచేశారు. రెండు వారాలకు వారిలో బాధలు, దిగులు, ఆందోళన మిగతావారికంటే తక్కువగా ఉన్నాయి. ఇది పెద్దవారి మీద చేసినది, పిల్లలకు అంకెలు అచ్చం అలాగే ఉంటాయని చెప్పము. కానీ నోటి పుండు ఎవరికైనా పుండే.

మరొకటి మాకు బాగా నచ్చింది. 2017లో క్యాన్సర్ ఉన్న 129 మంది పిల్లలను, వారి తల్లి లేక తండ్రిని విడివిడిగా అడిగారు. మొదటినుంచే ఉపశమన వైద్యం వద్దన్నట్టు మాట్లాడిన పిల్లలు ఇద్దరే, పెద్దవారు ఎనిమిది మంది. మనం భయపడుతున్నంతగా పిల్లలు భయపడడం లేదు.

మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల క్రితం, మేము పనిచేసిన ఒక వార్డులో, ఎముకల నొప్పితో ఒక పిల్లవాడు రాత్రుళ్లు ఏడ్చేవాడు. మార్ఫిన్ అలవాటైపోతుందని, ఊపిరి ఆగిపోతుందని మేమే భయపడ్డాము. ఏడ్చినప్పుడు ఇంజెక్షన్, ఏడుపు ఆపితే నయమైనట్టు లెక్క. వాడు చివరికి ఏడవడం కూడా మానేశాడు. ఓపిక లేక మానేశాడని మాకు తరువాత అర్థమైంది. పిల్లల తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ మొదటి మందు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో స్పష్టంగా రాసింది. డాక్టరు చెప్పిన మోతాదులో, గడియారం చూసి, నొప్పి రాకముందే ఇవ్వాలి. మలబద్ధకం వస్తుంది, దానికి తోడు మందు ఇస్తారు. మన దేశంలో ఈ మందు దొరకడం సులువు చేయడానికి 2014లో చట్టం కూడా సవరించారు. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రీ పాలట్ బృందం పిల్లలకు ఈ సేవ ఏళ్లుగా చేస్తున్నది.

“ఒప్పుకుంటే మాకు విశ్వాసం లేనట్టు కాదా?” అని సంఘస్థులు కొందరు అడుగుతారు. జ్వరానికి పారాసిటమాల్ వేసినప్పుడు అలా అడగరు కదా. మరో సంగతి, మార్పిడి అయిన బిడ్డ గదికి పదిమంది ప్రార్థనకు వెళ్లకండి. ఒక్కరి జలుబు చాలు ప్రాణం మీదికి తేవడానికి. ఫోనులో ప్రార్థించండి. ఇంటి దగ్గర మిగిలిన పిల్లలకు వండిపెట్టండి, బడికి పంపండి. దాత అయిన అక్కనో తమ్ముడినో మరచిపోకండి. తన మూలుగ పనిచేయకపోతే తప్పు తనదేనని ఆ పసిమనసు అనుకుంటుంది. నీది కాదని ముందే చెప్పాలి.

ఖర్చు లక్షల్లో ఉంటుంది. తలసీమియా, ఎప్లాస్టిక్ ఎనీమియా పిల్లలకు కోల్ ఇండియా వారి పథకం 10 లక్షల రూపాయల వరకు ఇస్తుంది, రక్త క్యాన్సర్‌కు అది వర్తించదు. మనం ఇంకా ఆరోగ్యశ్రీ అని పిలుచుకునే ఎన్టీఆర్ వైద్య సేవలో ఏమి వస్తుందో ఆరోగ్యమిత్రను అడగండి, పొలం అమ్మకముందే అడగండి. ఆటిజానికి, బుద్ధిమాంద్యానికి మూలకణాల ఇంజెక్షన్లు అంటూ వచ్చే ప్రకటనలను నమ్మవద్దు. రక్త సంబంధ జబ్బులు వంటి కొన్నింటికి తప్ప ఇతర జబ్బులకు ఇది పరిశోధనల్లో తప్ప వాడరాదని ఐ.సి.ఎం.ఆర్. 2017 మార్గదర్శకాల్లో ఉంది.

మాడుగుల తల్లికి ఒక చిన్న నోటు పుస్తకం ఇచ్చాము. బాబుకు ఎప్పుడు ఎక్కడ నొప్పి, ఏ మందుకు ఎంత తగ్గింది, ఏమి తిన్నాడు, అన్నీ రాయమన్నాము. ఆమెకు చదువు రాదు, పన్నెండేళ్ల కూతురు రాస్తున్నది. నవ్వు ముఖం, ఏడుపు ముఖం బొమ్మలు బాబే వేస్తున్నాడు. పెద్ద డాక్టరును అడగవలసినవి కూడా అందులోనే రాయించాము: నయమయ్యే అవకాశం ఎంత, కాకపోతే ఏమి చేస్తారు, నొప్పి ఎవరు చూస్తారు, రాత్రి ఎవరికి ఫోను చేయాలి.

పోయిన వారం ముగ్గురూ కాట్పాడి రైలెక్కారు. అక్క మూలుగ కలుస్తుందో లేదో పరీక్ష ఫలితం ఇంకా రావాలి. నోటు పుస్తకంలో ఖాళీ పేజీలు అయిపోయాయని, ఇంకోటి కావాలని నిన్న ఫోను చేసి అడిగారు.